తమ్ముడికి పోర్టల్ వీన్ బ్లాక్, ఇప్పుడు కామెర్లు: ముందు గాల్ బ్లాడర్ ఆపరేషనా, స్టెంటా, ఇంకేమైనానా?

తణుకు_అన్న:
అందరికీ నమస్కారమండి. డాక్టర్లుగానీ, ఈ జబ్బు ఇంట్లో ఉన్నవాళ్లుగానీ ఎవరైనా ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి, పెద్ద పోస్టే.

మా తమ్ముడికి 24 ఏళ్లు. ఏడో తరగతిలో ఉండగా స్కూల్లో రక్తం కక్కుకున్నాడు. అప్పుడు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో సిరలు ఉబ్బాయని బ్యాండ్లు వేశారు. లివర్‌కి వెళ్లే పోర్టల్ వీన్ పసితనంలోనే ఎప్పుడో మూసుకుపోయి ఉంటుందనీ, లివర్ మాత్రం బాగానే ఉందనీ చెప్పారు. ఆ తర్వాత ఇంకొన్ని విడతలు బ్యాండ్లు వేశాక మళ్లీ రక్తం పడలేదు. సిరల్లో ఒత్తిడి తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుంటూనే డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరాడు. ప్లీహం బాగా పెద్దదని, పొట్టకి దెబ్బ తగలనివ్వొద్దని చెప్పేవారు, మేం పాటించిన జాగ్రత్త అదే.

ఈమధ్య ఒళ్లంతా దురద మొదలైంది. ఒక్క దద్దురూ లేదు, దురద మాత్రం విపరీతం. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, ఒకరోజు రాత్రి చలితో వణికిపోతూ జ్వరం వచ్చి తెల్లారేసరికి తగ్గింది. రక్తపరీక్షలో బిలిరుబిన్ 4.8, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 640, ఎస్‌జీపీటీ కొంచెమే ఎక్కువ, ప్లేట్‌లెట్లు 68 వేలు. అల్ట్రాసౌండ్‌లో గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయి, బైల్ డక్ట్ (లివర్ నుంచి పేగుకి పసరు, అంటే పైత్యరసం తెచ్చే నాళం) ఉబ్బింది అన్నారు. సీటీ రిపోర్టులో చివరి లైను చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు: పోర్టల్ కావెర్నోమా ఉంది, డక్ట్ గోడ మందంగా ఉంది, చోలాంజియోకార్సినోమా కాదని నిర్ధారించుకోవాలి అని రాశారు. అంటే బైల్ డక్ట్ క్యాన్సర్ అని ఫోన్లో చూశాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు దగ్గర్లో ఒక సర్జన్ గారు ల్యాప్రోస్కోపీలో గాల్ బ్లాడర్ తీసేద్దాం, వచ్చే వారమే చేసేయొచ్చు అంటున్నారు. ఇంకొకాయన ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి గుండా ఎండోస్కోప్ పంపి, పసరు నాళంలో స్టెంట్ (నాళం తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేద్దామన్నారు. మూడో ఆయన ముందు ఎంఆర్‌సీపీ (పసరు నాళాల ఎంఆర్ఐ స్కాన్) చేయించుకుని రండి, అప్పటిదాకా ఎవర్నీ కత్తి పట్టనివ్వొద్దు అన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. అసలు సిర మూసుకుపోతే పసరు నాళానికి ఏమవుతుందండి? ఇది నిజంగా క్యాన్సరేనా?

ఫిల్మ్_చదివేవాడు:
నేను రేడియాలజిస్టుని. ఫిల్ములు చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీరు రాసింది చదివితే నాకు క్యాన్సర్ కంటే ముందు తట్టేది పోర్టల్ కావెర్నోమా చోలాంజియోపతీ, అంటే మూసుకుపోయిన పోర్టల్ వీన్ చుట్టూ ఉబ్బిన పక్కసిరల గుత్తి (అదే కావెర్నోమా) వల్ల బైల్ డక్టులు దెబ్బతినడం. పాత పుస్తకాల్లో పోర్టల్ బిలియోపతీ అని ఉంటుంది. మన దేశంలోని లివర్ డాక్టర్ల సంఘం ఐఎన్‌ఏఎస్‌ఎల్ 2014లో ఈ కొత్త పేరు సిఫారసు చేసింది. పిల్లల్లో పోర్టల్ వీన్ మూసుకుపోవడం ఇక్కడ బాగా చూస్తాం కాబట్టి దీని మీద అనుభవం కూడా ఢిల్లీ, చండీగఢ్, లక్నో లాంటి చోట్ల పేరుకున్నదే ఎక్కువ.

ఏమవుతుందని అడిగారు కదా. లివర్‌కి చేరే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పోర్టల్ వీన్ గుండానే వస్తుంది. మీరు గోదావరి జిల్లావాళ్లు కాబట్టి ఇలా చెప్తాను, పెద్ద కాలువ పూడిపోతే నీళ్లు ఆగిపోవు, బోదెలన్నీ పొంగి ఎక్కడ సందు దొరికితే అక్కడ పారతాయి. లివర్ ముఖద్వారం దగ్గర ఆ రక్తానికి దొరికే సందు బైల్ డక్ట్ చుట్టూ ఉన్న సన్న సిరలే. అవి రెండు వరసలు. డక్ట్ గోడనే అంటిపెట్టుకుని వలలా అల్లుకున్నది ఒకటి, దాన్ని సెయింట్ అనే ఆయన 1961లో వర్ణించాడు, మామూలప్పుడు అందులోని సిరలు మిల్లీమీటరు కూడా ఉండవు. డక్ట్ పక్కనే పొడుగునా సాగేది రెండోది, పెట్రెన్ 1932లో రాసినది. మొదటిది ఉబ్బితే డక్ట్ గోడ మందంగా కనిపిస్తుంది. రెండోది ఉబ్బితే పక్కనుంచి నొక్కి డక్ట్‌ని అలలు అలలుగా వంకర్లు తిప్పుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే ఉంటే గోడకి రక్తం సరిగా అందక మచ్చ కట్టి, నొక్కే సిర లేకపోయినా అక్కడ ఇరుకుగానే ఉండిపోతుంది. నొక్కుడు వల్ల వచ్చిన ఇరుకు, మచ్చ వల్ల వచ్చిన ఇరుకు, రెండూ కలిసినది: మీ తమ్ముడికి వీటిలో ఏదన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే మొదటిది సిరల్లో ఒత్తిడి తగ్గిస్తే విప్పుకోవచ్చు, రెండోది అంత తేలిగ్గా విప్పుకోదు.

క్యాన్సర్ సంగతి. మందమైన గోడ, కాంట్రాస్ట్ పీల్చుకోవడం, ఉన్నట్టుండి ఇరుకవడం, ఇవన్నీ చూస్తే అచ్చం క్యాన్సర్‌లాగే ఉంటుంది, అందుకే 1990ల్లోనే టర్కీ డాక్టర్లు దీనికి నకిలీ చోలాంజియోకార్సినోమా గుర్తు అని పేరు పెట్టారు. రిపోర్టు రాసినాయన తప్పు చేశాడని నేననను, ఆ లైను రాయాల్సిందే. కానీ 24 ఏళ్ల కుర్రాడు, పదేళ్లకు పైబడిన కావెర్నోమా, ఇలాంటప్పుడు క్యాన్సర్ ఉండే అవకాశం బాగా తక్కువ. ఇంకోమాట, సీఏ 19-9 అనే పరీక్ష రాసిస్తారేమో, పసరు ఆగిపోయినప్పుడు అది క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది, అంకె చూసి బెంబేలెత్తొద్దు.

చేయించాల్సింది ఎంఆర్‌సీపీ, దాంతోపాటే ఎంఆర్ పోర్టోవీనోగ్రఫీ (పోర్టల్ సిరల స్కాన్), రెండూ ఒకే సిటింగ్‌లో. చీటీ మీద రెండూ రాయించుకోండి, ఎందుకంటే ఉత్త ఎంఆర్‌సీపీలో డక్టులు మాత్రమే తెల్లగా వెలుగుతాయి, సిరలు సరిగా తెలియవు. కాంట్రాస్ట్ ఇచ్చి సిరల దశలో తీస్తేనే డక్ట్‌లో కనిపిస్తున్న ఆ నల్ల చుక్క రాయా, లోపలికి పొడుచుకొచ్చిన సిరా అన్నది తేలుతుంది. అది తేలకుండా రాయి అనుకుని బాస్కెట్ (రాళ్లు లాగే చిన్న తీగ బుట్ట) వేసి లాగితే సిర చిట్లి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అప్పటికీ అనుమానం ఉంటే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ బాగా పనికొస్తుంది. జబ్బు ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం ఈఆర్‌సీపీకి వెళ్లకండి, అది చికిత్స కోసం దాచుకోవాల్సిన పని.

స్కాన్ రోజు నాలుగైదు గంటలు ఏమీ తినకుండా రావాలి. కొన్ని సెంటర్లలో ముందు ఒక గ్లాసు పైనాపిల్ జ్యూస్ తాగిస్తారు, కంగారుపడొద్దు. అందులో మాంగనీస్ ఉంటుంది, అది కడుపులోనూ చిన్నపేగు మొదట్లోనూ ఉన్న నీటి తెలుపుని తగ్గించి డక్ట్‌ని స్పష్టంగా చూపిస్తుంది. లోపల పెద్ద చప్పుడు, ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాలి. ముందు రోజే క్రియాటినిన్ చేయించి రిపోర్టు పట్టుకెళ్లండి.

పల్లె_వైద్యం:
కామెర్లకి ఇంగ్లీషు మందు లేదు అందరికీ తెలిసిందే. నేల ఉసిరి పసరు పరగడుపున మేకపాలతో ఇవ్వండి, ఉప్పూ నూనే మానిపించండి. మా ఇంటిపక్క అబ్బాయికి వారంలో కళ్లు తెల్లబడ్డాయి. పెద్దాసుపత్రికి వెళ్తే కోతలే.

కడుపు_కోతలు:
పైనాయనకి ముందు జవాబు చెప్పి అసలు విషయానికొస్తా. మీ పక్కింటి అబ్బాయికి వచ్చింది బహుశా హెపటైటిస్-ఎ లాంటి వైరస్ కామెర్లు, అవి చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతాయి, పేరు ఆకుపసరుకి వస్తుంది. ఇక్కడ లివర్‌లోని పసరు బయటికొచ్చే దారే మూసుకుపోయింది, ఏ ఆకూ దాన్ని తెరవదు. చలిజ్వరం వచ్చిన మనిషికి పత్యం పెట్టి ఇంట్లో కూర్చోబెడితే డక్ట్‌లో పట్టిన చీము రక్తంలోకి ఎక్కుతుంది, ప్రాణం మీదకొస్తుంది.

తణుకు అన్నగారూ, నేను సర్జికల్ గ్యాస్ట్రో చేస్తాను. ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ ఇప్పుడు ఒప్పుకోకండి. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా. ఈ జబ్బులో గాల్ బ్లాడర్ గోడలోనూ, దాన్ని కోసి విడదీయాల్సిన మూలలోనూ అన్నీ ఉబ్బిన సిరలే ఉంటాయి, ఎక్కడ ముట్టుకున్నా రక్తం. మామూలు రాళ్ల కేసుల్లో అరగంటలో ముగించే మంచి సర్జన్ కూడా ఇక్కడ టేబుల్ మీద ఇరుక్కుపోతాడు. పైగా రాళ్లు తీసేసినా డక్ట్‌ని నొక్కుతున్న సిరలు అక్కడే ఉంటాయి, కామెర్లు తగ్గవు.

వరస ఇలా ఉండాలి. వణుకుతో జ్వరం వచ్చిందన్నారు కాబట్టి అన్నిటికంటే ముందు డక్ట్‌లో ఇన్ఫెక్షన్ సంగతి చూడాలి. మళ్లీ వస్తే అర్ధరాత్రైనా సరే అడ్మిట్ చేసి యాంటీబయాటిక్స్ పెట్టించండి, అవసరమైతే వెంటనే ఈఆర్‌సీపీలో స్టెంట్ వేసి పసరుకి దారి చేస్తారు. కామెర్ల వల్ల విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది, ఐఎన్ఆర్ చూసి ముందు ఆ ఇంజెక్షన్ ఇస్తారు. స్టెంట్, రాళ్లు తీయడం, ఇవి గండం గట్టెక్కించడానికే. అసలు వైద్యం సిరల ఒత్తిడి తగ్గించడం, అంటే షంట్ ఆపరేషన్.

పెద్దవాళ్లలో మన దగ్గర ఎక్కువగా చేసేది ప్రాక్సిమల్ స్ప్లీనోరీనల్ షంట్, ప్లీహం తీసేసి దాని సిరని ఎడమ కిడ్నీ సిరకి కుట్టేస్తారు. ప్లీహం ఉంచి పక్కపక్కన కుట్టే పద్ధతీ ఉంది. దాంతో ఒత్తిడంతా అటు మళ్లుతుంది, డక్ట్ చుట్టూ ఉబ్బినవి నెమ్మదిగా తగ్గుతాయి, అన్నవాహికలోవీ తగ్గుతాయి. చాలామందికి దీంతోనే కామెర్లు పోతాయి. కొన్ని నెలలు చూశాక కూడా మచ్చ కట్టిన ఇరుకు అలాగే ఉంటే అప్పుడు రెండో ఆపరేషన్, డక్ట్‌ని పేగుకి కలపడం, అప్పటికి సిరలు చల్లబడి ఉంటాయి కాబట్టి చేయగలం. ఈ రెండోదాన్ని మొదట చేయబోయి రక్తం ఆపలేక మూసేసి పంపిన కేసులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. పిల్లల్లో అయితే మెసో-రెక్స్ బైపాస్ అని ఒకటుంది, మెడ సిర ముక్క తీసి పేగు సిర నుంచి లివర్ లోపలి ఎడమ పోర్టల్ వీన్‌కి వంతెన వేస్తారు, రక్తం మళ్లీ లివర్‌కే వెళ్తుంది. దానికి లివర్ లోపలి కొమ్మ తెరిచి ఉండాలి. మీ తమ్ముడి విషయంలో అడగడంలో తప్పులేదు.

అందుకే పోర్టోవీనోగ్రఫీ కావాలనేది. స్ప్లీనిక్ వీన్ బాగుంటేనే షంట్. కుట్టడానికి పనికొచ్చే సిరే లేకపోతే కథ వేరు: స్టెంట్లు మారుస్తూ ఉండటం, కొన్ని పెద్ద సెంటర్లలో మూసుకుపోయిన సిరని తీగలతో తెరిచి టిప్స్ (లివర్ లోపలి నుంచి రక్తానికి దారి చేసే స్టెంట్) పెట్టడం, లివర్ పాడైపోతే ట్రాన్స్‌ప్లాంట్. ఇంకొక్క హెచ్చరిక, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని ఎవరైనా ఉత్తినే ప్లీహం తీసేద్దామంటే ఒప్పుకోకండి. షంట్‌కి పనికొచ్చే సిర దాంతోపాటే పోతుంది.

సర్జికల్ గ్యాస్ట్రో, ఈఆర్‌సీపీ చేసేవాళ్లు, ఇంటర్వెన్షనల్ రేడియాలజీ ఒకే చప్పరం కింద ఉన్న చోటికి వెళ్లండి. నిమ్స్, ఉస్మానియా, తిరుపతి స్విమ్స్ లాంటి వాటిలో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి. కార్డు ఉంటే ఏది కవర్ అవుతుందో అడ్మిషన్‌కి ముందే ఆరోగ్యమిత్రని అడగండి, స్టెంట్లకీ ఆపరేషన్‌కీ రూల్స్ వేరు వేరుగా ఉండొచ్చు.

నల్గొండ_అక్క:
అన్నా, నాకు ఇదే జబ్బు. షంట్ అయి చాలా ఏళ్లయింది, ఇద్దరు పిల్లలు. మీ అమ్మగారికి చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.

డాక్టర్లు చెప్పనివి కొన్ని చెప్తా. ఆ దురద ఉత్త దురద కాదు. అరికాళ్లు, అరచేతులు రాత్రిపూట మండినట్టు ఉండేవి, నులకమంచం పట్టెకి పాదాలు రుద్దుకుంటూ తెల్లవారేది, రక్తం వచ్చేదాకా. నాకు కొలెస్టిరమిన్ అనే పొడి ఇచ్చారు, నీళ్లలో కలుపుకుని తాగాలి, ఇసుక తాగినట్టుంటుంది గానీ పనిచేసింది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ పొడి వేరే మాత్రలని కూడా పట్టేసుకుంటుంది, కాబట్టి మిగతా మందులు దానికి ఓ గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలి. నాకు ఈ సంగతి ఫార్మసీ కౌంటర్‌లో అబ్బాయి చెప్పాడు. అర్సోడియాక్సికోలిక్ మాత్రలు కూడా ఇచ్చారు, వాటితో నాకు పెద్ద తేడా కనిపించలేదు, ఇంకొందరికి పనిచేసిందంటారు.

స్టెంట్ ప్లాస్టిక్‌ది అయితే సుమారు మూడు నెలలకోసారి మార్చాలి. బాగానే ఉంది కదా అని వాయిదా వేస్తే లోపల పూడుకుపోయి చలిజ్వరం వస్తుంది. మా వార్డులో నా పక్క బెడ్ ఆవిడ పంట కోతల పని చూసుకుని వద్దామని ఆగింది, స్ట్రెచర్ మీద వచ్చింది. తేదీ ఫోన్‌లో కాదు, గోడ క్యాలెండర్ మీద అందరికీ కనిపించేలా రాయండి. స్టెంట్ మార్చిన తర్వాత నల్ల విరేచనం అయినా, కడుపునొప్పితో పాటు కళ్లు మళ్లీ పచ్చబడినా వెంటనే వెళ్లాలి, డక్ట్ లోపల సిర చిట్లి రక్తం కారుతుండొచ్చు.

ఇంకా ప్లీహం తీసేస్తే జీవితాంతం ఒక అలవాటు చేసుకోవాలి: జ్వరం వస్తే డోలో వేసుకుని పడుకోవడం కుదరదు, ఆసుపత్రికే. నా పర్సులో చీటీ ఉంటుంది, ప్లీహం లేదు అని.

ఫిల్మ్_చదివేవాడు:
అక్క చెప్పినదానికి ఒక చేర్పు. పోర్టల్ వీన్ మూసుకుపోయిన వాళ్లలో జాగ్రత్తగా చూస్తే 80 నుంచి 100 శాతం మందికి డక్టుల్లో ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. ఇబ్బంది పెట్టేది అందులో కొద్దిమందినే. ఇది చదివి ఇదే జబ్బున్న ఇంకెవరైనా స్కాన్‌లో వంకర డక్ట్ కనిపించిందని స్టెంట్ వేయించుకోవడానికి పరిగెత్తొద్దు. కామెర్లు, దురద, జ్వరం, రాళ్లు ఏవీ లేకపోతే డక్ట్‌ని ముట్టుకోరు, అప్పుడప్పుడూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూసుకుంటూ ఉంటే చాలు.

తణుకు_అన్న:
అందరికీ చాలా థాంక్స్ అండి. ల్యాప్రోస్కోపీ వద్దని చెప్పేశాం, సర్జన్ గారు కొంచెం కోపగించుకున్నారు, పర్లేదు. హైదరాబాద్‌లో చూపించాం. ఎంఆర్‌సీపీ, పోర్టోవీనోగ్రఫీ రెండూ ఒకేసారి అయ్యాయి, పైనాపిల్ జ్యూస్ నిజంగానే ఇచ్చారు, మావాడు స్కానింగ్‌కి వచ్చి జ్యూస్ పార్టీ ఏమిట్రా అని నవ్వాడు. రిపోర్టు: ఎడమ హెపాటిక్ డక్ట్‌లోనూ, కామన్ డక్ట్‌లోనూ ఇరుకులు, నున్నగా ఉన్నాయి, గడ్డ ఏదీ లేదు. కామన్ డక్ట్‌లో ఒక రాయి, దాని పక్కనే ఉబ్బిన సిరలు. స్ప్లీనిక్ వీన్ 11 మిల్లీమీటర్లు, తెరిచే ఉంది, ఎడమ కిడ్నీ సిర బాగుంది. లివర్ లోపలి ఎడమ పోర్టల్ కొమ్మ సన్నగా దారంలా ఉందట, కాబట్టి మెసో-రెక్స్ కుదరదన్నారు.

ఆ వారంలోనే మళ్లీ చలిజ్వరం వస్తే ఈఆర్‌సీపీలో స్టెంట్ వేశారు, రాయిని ఇప్పుడు లాగకుండా వదిలేశారు. బిలిరుబిన్ 1.6కి దిగింది, ముందు ఎక్కువున్న సీఏ 19-9 కూడా మామూలుకి వచ్చింది. షంట్ చేద్దామన్నారు. రెండు సందేహాలు. రక్తం లివర్‌కి వెళ్లకుండా పక్కకి మళ్లిపోతే మెదడుకి ఏమైనా అవుతుందా, మా కజిన్ ఒకతను అలా భయపెట్టాడు. జేఏకే2 అనీ, ప్రోటీన్ సి అనీ బోలెడు రక్తపరీక్షలు రాశారు, చిన్నప్పటి జబ్బుకి ఇప్పుడు ఇవెందుకు?

కడుపు_కోతలు:
మంచి వార్త. రాయి వదిలేయడం కూడా సరైన నిర్ణయమే, సిరలు తగ్గాక తీయడం తేలిక.

మీ కజిన్ చెప్పింది సిర్రోసిస్ వాళ్లకి ఎక్కువ వర్తిస్తుంది. వాళ్ల లివరే పాడైపోయి ఉంటుంది కాబట్టి షంట్ తర్వాత మగత, తికమక వస్తాయి. మీ తమ్ముడి లివర్ పనిచేస్తోంది, అతని రక్తం ఇన్నేళ్లుగా ఎలాగూ పక్కదారుల్లోనే పోతోంది. అలాంటి ఇబ్బంది స్పష్టంగా కనిపించేంత రావడం ఇలాంటివాళ్లలో అరుదు. షంట్ మూసుకుపోకుండా ఉందా అన్నదే ఎక్కువ చూడాల్సింది, దానికి డాప్లర్ (రక్త ప్రవాహం చూసే అల్ట్రాసౌండ్) చేస్తుంటారు.

రక్తపరీక్షలు అందుకే. పిల్లల్లో చాలాసార్లు కారణం దొరకదు, కొందరికి పుట్టినప్పుడు బొడ్డు ఇన్ఫెక్షన్ కథ ఉంటుంది. కానీ రక్తం ఇట్టే గడ్డకట్టే గుణం ఉంటే కొత్తగా కుట్టిన షంట్ కూడా గడ్డకట్టొచ్చు. ముఖ్యంగా జేఏకే2 (రక్తకణాలు అతిగా పెరిగేలా చేసే ఒక జన్యు మార్పు) పాజిటివ్ అయితే, ప్లీహం ఉన్నన్నాళ్లూ అణిగి ఉన్న ప్లేట్‌లెట్లు ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతాయి. మీవాడివి 68 వేలు అని తక్కువ అనుకుంటున్నారు కదా, వారం పది రోజుల్లో ఐదారు లక్షలు దాటినా ఆశ్చర్యపోవద్దు, జేఏకే2 లేకపోయినా కొంత పెరుగుతాయి. ఆస్పిరిన్ ఇవ్వాలా, రక్తం పల్చబడే మందు పెట్టాలా అన్నది ఆ ఫలితాలూ ఆ అంకెలూ చూసి నిర్ణయిస్తారు.

ప్లీహం తీస్తున్నారు కాబట్టి న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు పడాలి. డేట్ ఖాయం చేసుకునే ముందే వేయించేయండి, చాలామంది అడ్మిట్ అయ్యే రోజు గుర్తొచ్చి అడుగుతారు. ప్రొప్రనలాల్ ఎవరూ చెప్పకుండా మధ్యలో ఆపొద్దు.

తణుకు_అన్న:
టీకాలు రేపే వేయిస్తామండి. అమ్మకి చెప్పేశాను, నల్గొండ అక్క పోస్టు చదివి వినిపించాను. ఆవిడకి ఒకే అనుమానం, స్టెంట్ ఉండగా మామిడికాయ పప్పు పెట్టొచ్చా అని.

నల్గొండ_అక్క:
పెట్టమనండి. నూనె, వేపుళ్లు తగ్గించమన్నారు నాకైతే, పప్పుకి ఎవరూ అడ్డు చెప్పలేదు.